బడి అని బోర్డు లేని చోట పిల్లల రక్షణ

విజయవాడలోనో వరంగల్‌లోనో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఉదయం ఎనిమిదింటికి వ్యాన్ ఎక్కుతుంది. నాలుగింటిదాకా బడి. ఐదింటికి లెక్కల ట్యూషన్. వారానికి మూడు రోజులు కూచిపూడి, శని ఆదివారాల్లో షటిల్ అకాడమీ. వేసవిలో పదిహేను రోజుల సమ్మర్ క్యాంప్. డ్రైవర్, టీచరు, ట్యూషన్ సార్, నాట్య గురువు, కోచ్, క్యాంప్ వాలంటీర్ అంటూ ఇంతమంది పెద్దవాళ్ల చేతుల్లో ఆ పిల్ల ఉంటుంది. వీళ్లలో ఎవరు తప్పు చేసినా శిక్షించే చట్టం ఒక్కటే. కానీ తప్పు జరగకముందే ఆ మనిషి గురించి ఆరా తీయడం, అతనికి హద్దులు చెప్పడం, పిల్ల నోరు తెరిస్తే వినే మనిషిని పెట్టడం అనే బాధ్యతలు గేటు గేటుకూ మారిపోతాయి. బడిలో ఎంతో కొంత కనిపిస్తాయి. ట్యూషన్ దగ్గర పలచబడతాయి. డాన్స్ క్లాసు గుమ్మం దగ్గర దాదాపుగా ఉండవు.

మన దగ్గర పిల్లల రక్షణ చట్టాల్లో అసలు లోటు ఇక్కడే ఉంది. శిక్ష మనిషిని చూసి పడుతుంది. నివారణ బాధ్యత మాత్రం భవనానికి తగిలించిన బోర్డును చూసి వస్తుంది.

పోక్సో అని అందరూ పిలిచే లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లు నిండనివాళ్లందరూ దాని లెక్కలో బాలలే. అత్యాచారం స్థాయి నేరాల్లో మరింత తీవ్రంగా పరిగణించాల్సిన సందర్భాలను సెక్షన్ 5 వరుసగా చెబుతుంది. విద్యాసంస్థ, మత సంస్థల యాజమాన్యం, సిబ్బంది ‘ఎఫ్’ క్లాజులో ఉన్నారు. పిల్లలకు సేవలందించే ఏ సంస్థకైనా యజమాని, నిర్వాహకుడు, ఉద్యోగి అయినవాళ్లు ‘ఓ’ క్లాజులో ఉన్నారు. పిల్లలు నమ్మే స్థానంలో, లేదా వాళ్ల మీద అధికారం ఉన్న స్థానంలో ఉన్న ఎవరినైనా ‘పి’ క్లాజు పట్టుకుంటుంది. నేరం సంస్థలో జరిగినా, పిల్లల ఇంట్లో జరిగినా, ఇంకెక్కడ జరిగినా తేడా లేదు. 2019 సవరణ తర్వాత వీటికి కనీస శిక్ష 20 ఏళ్ల కఠిన కారాగారం, గరిష్ఠం మరణశిక్ష. అసభ్యంగా తాకడం వంటి దాడులకు ఇలాంటి వరుసే సెక్షన్ 9లో ఉంది. వాటికి 5 నుంచి 7 ఏళ్ల శిక్ష. ఇంటికి వచ్చి వీణ నేర్పే మాస్టారు, ఈత కొలను దగ్గర కోచ్, ఆదివారం బైబిల్ క్లాసు చెప్పే మనిషి, వేద పాఠశాల గురువు, అరబ్బీ నేర్పే ఉస్తాద్ అందరూ ఈ గీతల లోపలివాళ్లే. కాబట్టి కొత్త నేరాలు చేర్చాల్సిన పని పెద్దగా లేదు.

సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత కూడా విశాలంగానే ఉంది. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకు చెప్పాలని సెక్షన్ 19 అంటుంది. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ నడిపేవాళ్లు తమ కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. అక్కడ చట్టం సంస్థ అన్న మాటకు ‘ఏ పేరుతో పిలిచినా సరే’ అని జోడించింది. అకాడమీ అన్నా, కళాక్షేత్రం అన్నా, స్టడీ సర్కిల్ అన్నా తప్పించుకోలేరు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక పాఠశాల హాస్టల్ పిల్లల కేసులో, విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణ ఉన్న డాక్టరు మీద కేసును హైకోర్టు కొట్టేసింది. 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేస్తూ, తెలిసీ చెప్పకపోవడం చిన్న విషయం కాదని స్పష్టం చేసింది. సద్బుద్ధితో సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ నిలవదని సెక్షన్ 19లోనే రాసి ఉంది. ఆ భరోసా మన ట్యూషన్ సెంటర్లలో ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న.

ఇక నివారణ సంగతి. 2020 మార్చిలో వచ్చిన పోక్సో నియమాల్లో మూడో నియమం నాలుగో ఉపనియమం చాలా ముఖ్యమైనది. పిల్లలు నివసించే, లేదా పిల్లలతో తరచూ సంబంధం ఉండే ఏ సంస్థ అయినా, అంటే బడులు, శిశు సంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలు, పిల్లల కోసం నడిచే మరే వసతి అయినా, తన సిబ్బంది అందరికీ ఎప్పటికప్పుడు పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. బోధన, బోధనేతర, రెగ్యులర్, కాంట్రాక్టు అన్న తేడా లేదు. పిల్లల భద్రత మీద సిబ్బందికి శిక్షణ కూడా ఇప్పిస్తూ ఉండాలి. ఆ తర్వాతి ఉపనియమం ప్రకారం, పిల్లల మీద హింసను ఏమాత్రం సహించని బాలల రక్షణ విధానాన్ని ప్రభుత్వాలు తయారు చేయాలి, పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థా దాన్ని అమలు చేయాలి.

చదవడానికి ఇది సరిపోయేలాగే ఉంది. అమలుకు వచ్చేసరికి మూడు చోట్ల జారిపోతుంది. మొదటిది, ‘ఉద్యోగి’ అన్న మాట. నియమం సిబ్బంది, ఉద్యోగుల దగ్గరే ఆగింది. వేసవిలో రెండు వారాలు వచ్చే వాలంటీరు, గంటకు ఇంత అని తీసుకునే ఫ్రీలాన్స్ కోచ్, తల్లిదండ్రులే మాట్లాడుకున్న వ్యాన్ డ్రైవరు, అరంగేట్రం కోసం బయటి నుంచి వచ్చే మేకప్ మనిషి, పాత విద్యార్థి హోదాలో వచ్చి చిన్నపిల్లలకు ప్రాక్టీసు చేయించే ఇరవై ఏళ్ల కుర్రాడు ఉద్యోగులు కారు. రెండోది, ‘ఎప్పటికప్పుడు’ అన్న మాట. ఎన్నేళ్లకోసారో అంకె లేదు. అంకె లేని గడువు ఎప్పటికీ దాటిపోదు. మూడోది, అడిగేవాళ్లు లేకపోవడం. వెరిఫికేషన్ చేయించని అకాడమీకి ఈ నియమంలో జరిమానా లేదు, తనిఖీ చేసే అధికారి పేరు లేదు. బడికైతే గుర్తింపు రద్దవుతుందన్న భయం ఉంటుంది. గుర్తింపే అక్కర్లేని చోట దేన్ని రద్దు చేస్తారు?

2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల పాప మీద జరిగిన నేరం చాలామందికి గుర్తుండే ఉంటుంది. శిక్ష పడింది టీచరుకు కాదు, ఒక డ్రైవరుకు. 2023 ఏప్రిల్‌లో న్యాయస్థానం అతనికి 20 ఏళ్ల జైలు శిక్ష వేసింది. గుర్తింపు ఉన్న బడి కాబట్టి విద్యాశాఖ అక్కడ రంగంలోకి దిగగలిగింది. అదే సంఘటన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడిచే కరాటే క్లాసులో జరిగి ఉంటే కేసు పోలీసుల దగ్గర నడిచేది, క్లాసు మాత్రం మరుసటి నెల వేరే పేరుతో వేరే వీధిలో తెరుచుకోవడానికి అడ్డు ఉండేది కాదు.

కొట్టడం విషయంలో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 బడిలో శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అదీ బడికి సంబంధించింది. ఉల్లంఘిస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య అంటుంది. సర్వీసే లేని ట్యూషన్ సారుకు అది తగలదు. 2015 బాల న్యాయ చట్టం సెక్షన్ 82 శారీరక శిక్షకు మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల వరకు జైలు అంటుంది. అది బాలల సంరక్షణ సంస్థల్లో, అంటే బాలల గృహాల వంటివాటిలో పనిచేసేవాళ్లకు మాత్రమే. అంటే ఇంటర్ హాస్టల్లో పదహారేళ్ల కుర్రాడిని స్టడీ అవర్‌లో కర్రతో బాదితే ఈ రెండు సెక్షన్లూ పనికిరావు. మిగిలేది అదే చట్టంలోని సెక్షన్ 75. పిల్లలు ఎవరి ఆధీనంలో ఉన్నారో వాళ్లు క్రూరంగా ప్రవర్తిస్తే మూడేళ్ల వరకు జైలు. దీన్ని వాడొచ్చు, వాడాలి కూడా. అయితే అనవసరమైన బాధ కలిగించారని నిరూపించాల్సి వస్తుంది. ‘వాడి మంచికే కొట్టాం’ అన్న వాదన అక్కడే మొదలవుతుంది. సూటిగా ‘కొట్టకూడదు’ అన్న నిషేధానికి ఉండే బలం దీనికి రాదు.

కోచింగ్ సెంటర్ల కోసం 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 16 ఏళ్ల లోపువాళ్లను చేర్చుకోవద్దనీ, నైతికంగా పతనమైన నేరాల్లో శిక్ష పడినవాళ్లను పనిలో పెట్టుకోవద్దనీ, ఉల్లంఘిస్తే మొదటిసారి 25,000, రెండోసారి లక్ష రూపాయల జరిమానా, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రద్దు అనీ అందులో ఉంది. ఇక్కడ నిర్వచనం జాగ్రత్తగా చదవాలి. 50 మందికి మించి విద్యార్థులు ఉంటేనే అది కోచింగ్. క్రీడలు, నృత్యం, నాటకం, ఇతర సృజనాత్మక కార్యక్రమాలు అందులోకి రావని విడిగా రాశారు. చదువుల ఒత్తిడిని తగ్గించాలన్న ఉద్దేశంతో రాసిన పత్రానికి ఆ మినహాయింపు అర్థవంతమే కావచ్చు. పిల్లల భద్రత కోణంలో చూస్తే తలకిందులు. దేహాన్ని తాకి నేర్పేవి, దుస్తులు మార్చుకోవాల్సినవి, ఊళ్లు తిరగాల్సినవి సరిగ్గా ఆ మినహాయించిన రంగాలే. పైగా ఇవి మార్గదర్శకాలు మాత్రమే. రాష్ట్రాలు చట్టమో నియమమో చేస్తేనే కోరలు వస్తాయి.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మరణం మీద వచ్చిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. కోచింగ్ సంస్థలు, రెసిడెన్షియల్ అకాడమీలు, హాస్టళ్లు కూడా వాటి పరిధిలోకి వచ్చాయి. లైంగిక దాడి, వేధింపు, ర్యాగింగ్ ఫిర్యాదులకు గోప్యమైన యంత్రాంగం ఉండాలనీ, కోచింగ్ కేంద్రాల రిజిస్ట్రేషన్, విద్యార్థుల రక్షణ ప్రమాణాల మీద రాష్ట్రాలు రెండు నెలల్లో నియమాలు నోటిఫై చేయాలనీ చెప్పింది. తెలుగు నేల మీది విషాదం నుంచి పుట్టిన తీర్పు ఇది. దీని దృష్టి ప్రధానంగా చదువు, పరీక్షలు, మానసిక ఆరోగ్యం మీద ఉంది. ఈత కొలను, నాట్యశాల, చర్చి యూత్ క్యాంప్ ఆ వెలుగుకు అంచునే ఉండిపోయాయి.

ఇతర దేశాలు ఈ సమస్యను రెండు తీరుల్లో ఎదుర్కొన్నాయి. ఒకటి, జాబితాను పెంచుకుంటూ పోవడం. ఇంగ్లండ్, వేల్స్‌లో టీచర్లు, సంరక్షకుల వంటివాళ్లు తమ చేతికింద ఉన్న 16, 17 ఏళ్లవాళ్లతో లైంగిక సంబంధం పెట్టుకోవడం చాలాకాలంగా నేరం. క్రీడా కోచ్‌లు, మతబోధకులు ఆ జాబితాలో లేరు. 2022 జూన్ 28 నుంచి చేర్చారు. సంగీతం మాస్టారు, ప్రైవేటు ట్యూటరు ఇంకా బయటే ఉన్నారు. జాబితాతో వచ్చే చిక్కే ఇది. ఒక రంగంలో కుంభకోణం బయటపడ్డాక ఆ రంగాన్ని చేరుస్తారు, తర్వాతి రంగం దాని వంతు కోసం ఎదురుచూస్తుంది. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ ఏళ్ల తరబడి పిల్లల మీద చేసిన అకృత్యాలు బయటపడ్డాకే 2018 ఫిబ్రవరిలో సేఫ్ స్పోర్ట్ చట్టం వచ్చింది. అనుమానం వస్తే 24 గంటల్లో చెప్పడం, పెద్దవాళ్లు పిల్లలతో ఒంటరిగా ఉండే సందర్భాలను పరిమితం చేయడం ఒలింపిక్ క్రీడా సంఘాలకు తప్పనిసరి అయ్యాయి.

రెండో తీరు, సంబంధాన్ని పట్టుకోవడం. కాలిఫోర్నియాలో 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఏబీ 506 చట్టం దీనికి దగ్గరి ఉదాహరణ. యువజన సంస్థల నిర్వాహకులు, ఉద్యోగులతో పాటు రెగ్యులర్ వాలంటీర్లు కూడా వేలిముద్రల తనిఖీ చేయించుకోవాలి, పిల్లల మీద హింసను గుర్తించి చెప్పే శిక్షణ తీసుకోవాలి. రెగ్యులర్ వాలంటీరు ఎవరన్నదానికి అంకె ఉంది: 18 ఏళ్లు నిండి, పిల్లలతో నేరుగా నెలకు 16 గంటలు, లేదా ఏడాదికి 32 గంటలకు మించి గడిపేవాళ్లు. వీలైనంతవరకు పిల్లల దగ్గర అలా శిక్షణ పొందినవాళ్లు ఇద్దరు ఉండాలన్న విధానం కూడా రాసుకోవాలి. అక్కడ వారాంతపు తెలుగు బడులు, కూచిపూడి తరగతులు, బాలవికాస్ వంటి కార్యక్రమాలు నడిపే మనవాళ్లు ఈ అంకెలు తమకు వర్తిస్తాయో లేదో లెక్కేసుకోవాల్సిందే. వారానికి రెండు గంటల చొప్పున ఏడాది పాటు అఆలు దిద్దించే తల్లి నాలుగు నెలల్లోనే 32 గంటలు దాటుతుంది. ‘అందరం తెలిసినవాళ్లమే కదా’ అన్న మాట చట్టం ముందు పనిచేయదు. నిజానికి అది ప్రమాదకరమైన మాట. మన కేంద్ర ప్రభుత్వం 2007లో ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేయించిన అధ్యయనంలో, లైంగికంగా హింసించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, లేదా వాళ్ల నమ్మకం, బాధ్యత ఉన్న స్థానంలోనివాళ్లని తేలింది.

ఆస్ట్రేలియా రాష్ట్రాల్లో మరో పద్ధతి ఉంది. పిల్లలతో పనిచేసే మనిషే తన పేరున ఒక అనుమతి తీసుకోవాలి. అతను సంస్థ మారినా అనుమతి అతనితోనే ఉంటుంది, మధ్యలో తీవ్రమైన కొత్త కేసు నమోదైతే దాన్ని మళ్లీ పరిశీలించి రద్దు చేయొచ్చు. మన దగ్గర ఒక అకాడమీలో చడీచప్పుడు లేకుండా మానిపించిన కోచ్ పక్క ఊళ్లో మర్నాడే చేరిపోగలడు. ఆ దారిని మూసేది ఈ పద్ధతే.

చట్టం మారేలోపు ఒక అకాడమీ తనంతట తాను చేయగలిగింది చాలా ఉంది. నూట ఇరవై మంది పిల్లలు, ఆరుగురు కోచ్‌లు, రెండు వ్యాన్లు ఉన్న సంస్థను ఊహించుకుందాం.

నియామకంతో మొదలుపెట్టాలి. పోలీస్ వెరిఫికేషన్ అవసరమే, దాని మీదే భరోసా పెట్టుకుంటే మోసపోతారు. నమోదైన కేసు ఉంటేనే అందులో తెలుస్తుంది. పరువు కోసం కుటుంబం ఫిర్యాదు చేయకపోతే కాగితం తెల్లగానే వస్తుంది. మనిషి ప్రస్తుతం ఉంటున్న చోటే కాక, గత ఐదేళ్లలో పనిచేసిన ఊళ్లలోనూ విచారణ జరగాలి, లేకపోతే ఖమ్మంలో కేసు ఉన్నవాడు గుంటూరులో నిర్దోషిలా కనిపిస్తాడు. లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ 2018 సెప్టెంబరు 20 నుంచి ఉంది. అది పోలీసులకే కనిపిస్తుంది, సంస్థలు వెతుక్కోలేవు. అందువల్ల పాత యజమానులకు ఫోన్ చేయడం కాగితం కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. కనీసం ఇద్దరితో మాట్లాడాలి. ‘మంచివాడేనా’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ‘పిల్లలున్న చోట ఈయన్ని మళ్లీ పెట్టుకుంటారా’ అని అడగాలి. అవతలివాళ్లు తటపటాయిస్తే అదే జవాబు. బయోడేటాలో ఖాళీగా ఉన్న నెలలకు లెక్క అడగాలి. పెండింగ్ కేసులు లేవని సంతకం తీసుకోవాలి. సమ్మర్ క్యాంప్‌కు ఇవన్నీ ఏప్రిల్ చివరి వారంలో మొదలుపెడితే క్యాంప్ అయిపోయాక నివేదిక వస్తుంది. ఫిబ్రవరి చివరికే పేర్లు ఖాయం చేసుకోవాలి.

తర్వాత, చోటు. పిల్లలతో పెద్దవాళ్లు ఒక్కరే ఉండకూడదన్న నియమం వీణ పాఠానికో, బౌలింగ్ సరిచేయడానికో కుదరదు. కుదరని నియమాన్ని వారంలో అందరూ వదిలేస్తారు. దాని బదులు ‘ఎవరైనా చూడగలగాలి, ఎవరైనా ఎప్పుడైనా లోపలికి రాగలగాలి’ అని పెట్టుకుంటే నిలుస్తుంది. తలుపుకు గాజు పలక, లోపలి గడియ తీసేయడం, ఇంట్లో పాఠమైతే హాల్లో కూర్చోబెట్టడం చాలు. సీసీ కెమెరాలు పెట్టామని నిశ్చింతగా ఉండేవాళ్లు ఎక్కువ. కెమెరా వ్యాన్‌లో ఉండదు, టోర్నమెంట్‌కు వెళ్లిన లాడ్జిలో ఉండదు, రాత్రి పదకొండింటికి వచ్చే వాట్సాప్ సందేశంలో అసలే ఉండదు. పైగా చాలా రికార్డర్లలో కొన్ని వారాలకే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కేస్తాయి. ఫిర్యాదు వచ్చిన రోజే ఫుటేజీని విడిగా భద్రపరచకపోతే సాక్ష్యం పోతుంది.

సందేశాల విషయంలో ఒక్క నియమం సరిపోతుంది. పిల్లలకు వ్యక్తిగతంగా మెసేజ్ పెట్టకూడదు, తల్లో తండ్రో ఉన్న గ్రూపులోనే పెట్టాలి. లాలించి లోబరుచుకోవడం దాదాపు ఎప్పుడూ చిన్న చిన్న ప్రత్యేకతలతోనే మొదలవుతుంది. నీకు మాత్రమే అదనపు ప్రాక్టీసు, నీకు మాత్రమే కొత్త రాకెట్, మీ ఇంట్లో చెప్పకు అన్న చిన్న రహస్యం. ఈ దశలో నేరం ఇంకా జరగలేదు. నియమం ఉంటే, దాన్ని దాటాడన్న కారణంతోనే కోచ్‌ను నిలదీయొచ్చు. లేకపోతే ‘ఏం తప్పు చేశాడు’ అన్న ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతారు.

తాకడం గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. నాట్యంలో మోకాళ్లు వంచి నిలబడే అరమండి సరిచేయడానికి మోకాలు, నడుము పట్టుకోవాల్సి రావచ్చు. ఈతలో పొట్ట కింద చెయ్యి పెట్టాల్సి రావచ్చు. ఏ కదలికకు ఎక్కడ పట్టుకుంటారో చేరిన రోజే తల్లిదండ్రుల ముందు పిల్లలకు చూపించాలి. ప్రతిసారీ చెప్పి పట్టుకోవాలి, వద్దంటే మానాలి. అలా చూపించి ఉంచితే, అంతకు మించింది ఏదైనా జరిగినప్పుడు పిల్లలకే తేడా తెలుస్తుంది. ఊరు దాటి వెళ్లేటప్పుడు పెద్దవాళ్లు పిల్లల గదిలో పడుకోకూడదు. అమ్మాయిలు ఉంటే మహిళా కోచ్ వెంట ఉండి తీరాలి. 2022 జూన్‌లో విదేశీ శిబిరంలో ఒక సైక్లిస్టు ఫిర్యాదు చేశాక భారత క్రీడా ప్రాధికార సంస్థ జాతీయ స్థాయిలో ఇదే ఆదేశం ఇచ్చింది. మండల స్థాయి కబడ్డీ జట్టుకు వర్తించకపోవడానికి కారణం ఏమీ లేదు.

ఫిర్యాదు వినే మనిషి ఎవరన్నదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. కుటుంబాలు నడిపే అకాడమీల్లో ఆ బాధ్యత సాధారణంగా యజమాని భార్యకో చెల్లెలికో వెళుతుంది. ఫిర్యాదు యజమాని మీదే అయితే పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఇద్దరు ఉండాలి. వాళ్లలో ఒకరు మహిళ, ఒకరు సంస్థతో సంబంధం లేనివాళ్లు అయి ఉండాలి. వాళ్ల నంబర్లతో పాటు చైల్డ్‌లైన్ 1098, అత్యవసర నంబరు 112 గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో ఉండాలి, ఆఫీసు గదిలో కాదు.

పిల్ల వచ్చి చెప్పిందనుకోండి. అక్కడి నుంచి మొదటి కొన్ని గంటల్లో జరిగే పొరపాట్లే కేసును దెబ్బతీస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ‘అంతర్గత విచారణ’. పిల్లను పిలిచి నలుగురు పెద్దల ముందు మళ్లీ చెప్పించడం, నిందితుడిని ఎదురుగా కూర్చోబెట్టడం, చివరికి రాజీ. పని ప్రదేశాల్లో మహిళల వేధింపుల కోసం 2013 చట్టం కింద పెట్టిన కమిటీకి దీన్ని పంపేవాళ్లూ ఉన్నారు. పిల్లల మీద లైంగిక నేరాన్ని ఆ కమిటీ తేల్చకూడదు, పోలీసులకే వెళ్లాలి. విన్నవాళ్లు చేయాల్సింది తక్కువే. పూర్తిగా వినాలి, సూచించే ప్రశ్నలు వేయకూడదు. పిల్ల వాడిన మాటలనే తేదీ, సమయంతో రాసి సంతకం పెట్టాలి. ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోవడం కుదరదు. ఆ రోజే నిందితుడిని పిల్లలందరి దగ్గర నుంచీ తప్పించాలి. పోలీస్ స్టేషన్ పరిధి గొడవ పెట్టుకోనక్కర్లేదు, ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ అవుతుంది.

పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, తనకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లలను స్టేషన్లో ఉంచకూడదు. ఇవన్నీ సెక్షన్ 24లో ఉన్నాయి, అడగడానికి మొహమాటపడొద్దు. ఎఫ్‌ఐఆర్ లేదని ఆసుపత్రి చికిత్స నిరాకరించకూడదు. పరీక్ష అయ్యేదాకా బట్టలు ఉతకకుండా, ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితపు సంచిలో ఉంచాలి, తేమ చేరితే ఆనవాళ్లు చెడిపోతాయి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికీ ప్రత్యేక కోర్టుకూ తెలియజేయాలి. కేసు పొడుగునా పిల్లకు తోడుండే సహాయక వ్యక్తిని ఇవ్వమని సమితిని కోరవచ్చు. ఆ మనిషి ఉన్న కేసులకూ లేని కేసులకూ పిల్ల తట్టుకోవడంలో చాలా తేడా ఉంటుంది. తల్లిదండ్రుల గ్రూపులో సంస్థ పెట్టే వివరణ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పేరు రాయకపోయినా బ్యాచ్ టైము, బడి, వీధి చెబితే ఎవరో తెలిసిపోతుంది, గుర్తింపు బయటపెట్టడం సెక్షన్ 23 కింద నేరం.

ఈ బాధ్యతలను బడి బయటికి విస్తరించడానికి అభ్యంతరాలు లేకపోలేదు, వాటిలో కొన్ని న్యాయమైనవే. వరండాలో పదిమందికి ఎక్కాలు చెప్పే రిటైర్డ్ టీచరు మీద వంద అకాడమీల కాగితాల భారం వేస్తే ఆమె మానేస్తుంది, లేదా ప్రతి రెన్యువల్‌కూ ఎవరికో చేయి తడపాల్సి వస్తుంది. కాబట్టి భారం సంస్థ పరిమాణాన్ని బట్టి ఉండాలి. హద్దుల నియమాలు, ఫిర్యాదు నంబర్లు అందరికీ తప్పనిసరి. వెరిఫికేషన్ ఫైళ్లు, వార్షిక శిక్షణ రికార్డులు ఒక సంఖ్య దాటినవాళ్లకు. రాత్రి బస, ప్రయాణం ఉన్నవాళ్లకు మాత్రం సంఖ్యతో నిమిత్తం లేకుండా అన్నీ ఉండాలి.

రెండో చిక్కు కష్టమైనది. పదిహేడేళ్ల అమ్మాయి తన ఈడువాడితో ఇష్టపడి దగ్గరైన సంగతి హాస్టల్ కౌన్సెలర్‌తో చెప్పుకుంటే, చట్టం ప్రకారం అదీ పోలీసులకు చెప్పాల్సిన సమాచారమే అవుతుంది. సమాచారం ఇచ్చే బాధ్యతను గట్టిగా అమలు చేసే కొద్దీ ఈ పిల్లలు మనసు విప్పి మాట్లాడడం మానేసే ప్రమాదం ఉంది. దీనికి తేలికైన విరుగుడు లేదు. కౌన్సెలర్ మొదటి రోజే ‘ఏ విషయాలు నా దగ్గర ఆగుతాయి, ఏవి ఆగవు’ అని పిల్లలందరికీ చెప్పి ఉంచడం కనీస నిజాయితీ. అయితే ఇది పెద్దవాళ్ల అధికార దుర్వినియోగానికి సంబంధించిన ప్రశ్న కాదు. కోచ్‌ల మీద నివారణ బాధ్యతలు పెట్టకుండా ఉండడానికి దీన్ని సాకుగా చూపడం సరికాదు.

ఈ మార్పుల్లో చాలావాటికి పార్లమెంటు దాకా వెళ్లాల్సిన పని లేదు. పోక్సో సెక్షన్ 45 కింద నియమాలు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానిదే. మూడో నియమంలో ‘ఉద్యోగి’ పక్కన ‘జీతం ఉన్నా లేకపోయినా, పిల్లలతో ఏడాదికి ఇన్ని గంటలకు మించి గడిపే వ్యక్తి’ అని చేర్చడం, ‘ఎప్పటికప్పుడు’ స్థానంలో ‘మూడేళ్లకోసారి’ అని రాయడం ఒక నోటిఫికేషన్‌తో అయ్యే పని. తనిఖీ బాధ్యతను జిల్లా బాలల సంరక్షణ విభాగానికి అప్పగించడం, ఆట మైదానం, ఈత కొలను, కమ్యూనిటీ హాలు అద్దెకిచ్చేటప్పుడూ ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ చేసేటప్పుడూ బాలల రక్షణ విధానం మీద ఒక పేజీ ధ్రువీకరణ అడగడం రాష్ట్రాలు, మున్సిపాలిటీలు తమ చేతుల్లోని అధికారంతోనే చేయగలవు. మైదానం అద్దెకు ఇచ్చేముందు డిపాజిట్ రసీదు అడుగుతున్న కౌంటర్ దగ్గరే ఆ రెండో కాగితం కూడా అడగొచ్చు.